తుంటి ఎముక విరిగినప్పుడు: రాడ్డా, ప్లేటా, బాలా?



మన ఇళ్ళలో పెద్దలు పడిపోవడానికి పెద్ద ప్రమాదమేమీ జరగనక్కరలేదు. తెల్లవారుజామున దొడ్లోకి వెళ్తూ గడప తట్టుకుంటారు. నీళ్ళు ఒలికిన నాపరాళ్ళ మీద కాలు జారుతుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు మంచం దిగుతూ తూలిపడతారు. కృష్ణపట్నం మొదలుకొని మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట వరకు మన తీర గ్రామములలో ఎక్కడికి వెళ్ళినా ఈ మాట వినబడుతూనే ఉంటుంది: "అవ్వ పడింది, లేవలేకపోతోంది." అవ్వ కాలు పొట్టిగా కనబడుతుంది, పాదము బయటికి తిరిగి ఉంటుంది, గజ్జలో నొప్పి, కాలు ఎత్తమంటే ఎత్తలేదు. ఇవి తుంటి దగ్గర ఎముక విరిగిన గుర్తులు.

ఆసుపత్రికి చేరిన తరువాత ఇంకొక చిక్కు మొదలవుతుంది. ఆపరేషను చేయాలని డాక్టరుగారు చెప్పగానే చుట్టాలందరూ తలా ఒక మాట అంటారు. "మా మామకు రాడ్డు వేశారు, మూడు నెలల్లో చేనికి పోయాడు" అని ఒకరు. "రాడ్డు వద్దు, బాల్ మార్పించండి" అని ఇంకొకరు. "ఫారిన్ సామాను అయితేనే నిలుస్తుంది" అని మరొకరు. "ఇవన్నీ ఎందుకు, పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టిద్దాం" అని ఒక పెద్దాయన. చివరికి ఎవరో ఒకరు మెల్లగా, "పెద్దప్రాణము, ఈ వయసులో కోయించడమెందుకు?" అంటారు. ఈ మాటల మధ్య రెండు మూడు రోజులు గడిచిపోతాయి.

అందుకే ఈ నెల ఈ శీర్షికలో, డాక్టర్లు ఇంప్లాంట్లు అని పిలిచే ఈ లోహపు సామానులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాము. ముందుగానే ఒక మాట చెబుతున్నాము. ఏది వేయాలన్నది ఎముక ఎక్కడ విరిగిందో దానిని బట్టి తేలుతుంది. ప్రాణము నిలవడము మాత్రము ఎక్కువగా రెండు సంగతుల మీద ఆధారపడి ఉంది: ఆపరేషను ఎంత త్వరగా జరిగింది, మనిషి ఎంత త్వరగా మంచం దిగింది.

ఎముక ఎక్కడ విరిగింది?

తొడ ఎముక పై కొనలో గుండ్రని తల ఉంటుంది. మన గూడూరు, పొదలకూరు తోటల్లో బాగా ఊరిన నిమ్మకాయంత ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలో కూర్చొని తిరుగుతుంది గనుకనే మనము నడవగలుగుతున్నాము, కూర్చోగలుగుతున్నాము, మోకాళ్ళూనగలుగుతున్నాము. ఆ తలకు కింద సన్నని మెడ ఉంటుంది. మెడ కింద ఎముక వెడల్పై, చెట్టు పంగలాగ రెండు బొడిపెలతో తొడ ఎముకలోనికి దిగుతుంది.

నిమ్మకాయకు తొడిమ ఎలాగో ఎముక తలకు ఈ మెడ అలాంటిది. తలకు వెళ్ళే రక్తములో ఎక్కువ భాగము మెడను ఆనుకొని ఉన్న సన్నని నాళముల గుండానే పోతుంది. మెడ విరిగి పక్కకు జరిగితే ఆ నాళములు తెగుతాయి. తొడిమ విరిగిన కాయ కొమ్మకు వేలాడుతూనే ఎండిపోయినట్లు, ఎముక తల గిన్నెలోనే ఉండి ఎండిపోవచ్చు. అందుకే మెడ విరుపు అతకడము కష్టము.

మెడ కింద, పంగ దగ్గర విరిగితే సంగతి వేరు. అక్కడ రక్తము సమృద్ధిగా ఉంటుంది. చీలిన కొమ్మను దగ్గరకు తెచ్చి గట్టిగా నిలబెడితే అతుక్కున్నట్లు ఈ ఎముక అతుక్కుంటుంది. అయితే అతుక్కునే వరకు దానిని నిలబెట్టేది కావాలి. తొడ కండరములు చాలా బలమైనవి. అవి విరిగిన ముక్కను పైకి లాగుతూ ఉంటాయి. కాలు పొట్టిగా కనబడేది అందువలననే.

కాబట్టి ఎక్స్‌రే తీసిన తరువాత డాక్టరుగారిని అడగవలసిన మొదటి ప్రశ్న, "ఎంత ఖర్చవుతుంది?" అన్నది కాదు. "అయ్యా, విరిగింది మెడ దగ్గరా, మెడ కిందా?" అని అడగండి.

పుత్తూరు కట్టు సంగతి

పుత్తూరు దగ్గర కట్టు కట్టించుకోవడానికి నెల్లూరు జిల్లా నుండి తరతరాలుగా మనవాళ్ళు వెళ్తున్నారు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీలతో అక్కడివారు కట్టే కట్టు వలన చేతి ఎముకలు, కాలి ఎముకలు అతుక్కున్నవారు మన సంఘములలోనే ఉన్నారు. వారి అనుభవమును తక్కువ చేయడము మా ఉద్దేశము కాదు.

అయితే తుంటి సంగతి చెయ్యి వంటిది కాదు. ముంజేతికి బద్దలు కడితే ఎముక ఆ బద్దల మధ్య కదలకుండా ఉంటుంది. తుంటి కీలు కండల లోతున ఉంది. దాని చుట్టూ బద్ద కట్టే చోటే లేదు. బయటినుండి ఎంత గట్టిగా కట్టినా లోపలి ముక్కలను కండరములు లాగుతూనే ఉంటాయి. మెడ విరిగి రక్తనాళములు తెగితే ఏ పసరూ అక్కడికి చేరదు. పైగా నెలల తరబడి కదలకుండా పడుకోవాలి. వృద్ధులకు అసలు ముప్పు ఆ పడకలోనే ఉంది. ఊపిరితిత్తులలో నెమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి, మూత్రములో చీము వస్తుంది, కాలి నరములలో రక్తము గడ్డకడుతుంది. ఆసుపత్రిలో కాలికి ఇటుకలు వేలాడదీసి పడుకోబెట్టినా అంతే.

మెడ విరిగితే ఏమేమి వేస్తారు?

పూర్వము ప్రపంచమంతటా మెడ విరుపుకు పడకే వైద్యముగా ఉండేది. 1925లో అమెరికాలోని బోస్టన్ నగరములో స్మిత్-పీటర్సన్ అనే సర్జను మూడు రెక్కల మేకును మెడలోనుండి తలలోనికి దిగగొట్టి ముక్కలను నిలబెట్టడము మొదలుపెట్టారు. ఇప్పటి స్క్రూలు ఆ దారిలో వచ్చినవే.

మెడ విరిగినా ముక్కలు జరగకపోతే, సాధారణంగా మూడు స్క్రూలు వేస్తారు. కోత చిన్నది, ఖర్చు తక్కువ. కొందరు సర్జనులు వీటికి బదులు ప్లేటుతో కూడిన ఒక పెద్ద జారే స్క్రూ వేస్తారు. ఈ రెండింటిలో ఏది మేలో తెలుసుకోవడానికి 50 ఏళ్ళు దాటిన వెయ్యి మందికి పైగా రోగులపై చేసిన పెద్ద పరిశోధన 2017లో వెలువడింది. రెండేళ్ళలో మళ్ళీ ఆపరేషను అవసరమైనవారు జారే స్క్రూ వేసినవారిలో నూటికి 20 మంది, మామూలు స్క్రూలు వేసినవారిలో నూటికి 22 మంది. అంటే పెద్ద తేడా లేదు. అయితే పొగ త్రాగేవారికి, ముక్కలు జరిగినవారికి జారే స్క్రూ కొంత మేలుగా కనబడింది. చుట్ట, బీడీ అలవాటున్న పెద్దలు ఈ సంగతి డాక్టరుగారికి దాచకుండా చెప్పాలి.

వయసు చిన్నదైతే, ముక్కలు జరిగినా సరే సొంత తలను కాపాడటానికే డాక్టర్లు ప్రయత్నిస్తారు. సొంత ఎముకకు సాటి లేదు.

పెద్ద వయసులో మెడ విరిగి ముక్కలు జరిగితే మాత్రము తలను తీసివేసి లోహపు తల పెడతారు. మన ఊళ్ళలో "బాల్ వేశారు" అనేది దీనినే. గిన్నె సొంతదే ఉంటుంది గనుక ఇది సగము కీలు మార్పిడి. అమెరికా సర్జను ఆస్టిన్ మూర్ 1940లో తొడ ఎముక పై భాగమునకు బదులు లోహపు భాగమును అమర్చారు. తరువాత ఆయన పేరుతో వచ్చిన ఒంటి బాల్ మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఎన్నో ఏళ్ళు బీదలకు ఆధారమైంది. దాని తరువాత బైపోలార్ వచ్చింది. ఇందులో పెద్ద బంతి లోపల చిన్న బంతి తిరుగుతుంది. గిన్నె అరగడము తగ్గుతుందని దీనిని చేశారు. దీని ధర ఎక్కువ. అయితే ఇప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, వృద్ధులకు బైపోలార్ వలన నడకలో గాని ఆయుష్షులో గాని పెద్ద తేడా కనబడలేదు.

అంతకంటే ఎక్కువ పట్టించుకోవలసిన సంగతి సిమెంటు. బాల్ కింది కాడను ఎముకలో నిలపడానికి ఒక ప్రత్యేకమైన సిమెంటు వాడవచ్చు, వాడకుండా బిగించవచ్చు. బ్రిటన్‌లో 60 ఏళ్ళు దాటిన 1,225 మందిపై చేసిన పరిశోధన 2022లో వెలువడింది. సిమెంటు వేసినవారి జీవితము కొంత మేలుగా ఉంది. కాడ చుట్టూ ఎముక మళ్ళీ విరగడము సిమెంటు వేసినవారిలో వెయ్యికి 5 మందికి, వేయనివారిలో వెయ్యికి 21 మందికి జరిగింది. అయితే సిమెంటు వేసే సమయములో అరుదుగా రక్తపోటు పడిపోతుంది. కనుక గుండె బలహీనముగా ఉన్నవారి విషయములో డాక్టరుగారు ఆలోచించి నిర్ణయిస్తారు.

గిన్నెను కూడా మార్చితే అది పూర్తి కీలు మార్పిడి. పడకముందు బాగా తిరుగుతూ, పొలము పనో ఇంటి పనో చేసుకుంటూ ఉన్నవారికి, గిన్నె ముందే అరిగినవారికి ఇది పనికివస్తుంది. ఖర్చు అన్నిటికంటే ఎక్కువ, ఆపరేషను పెద్దది. సగము మార్పిడికీ పూర్తి మార్పిడికీ తేడా ఎంతో చూడటానికి 50 ఏళ్ళు దాటిన 1,495 మందిపై చేసిన పరిశోధన 2019లో వచ్చింది. రెండేళ్ళలో మరల ఆపరేషను అవసరమైనవారు రెండు వైపులా నూటికి ఇంచుమించు 8 మందే. ఇంట్లోనే మెల్లగా తిరిగే 80 ఏళ్ళ అవ్వకు సగము మార్పిడి చేయించినందుకు పిల్లలు సిగ్గుపడనక్కరలేదు.

మెడ కింద విరిగితే ఏమి వేస్తారు?

ఇక్కడ తల మార్చే అవసరము సాధారణంగా ఉండదు. విరిగిన ముక్కలను నిలబెడితే చాలును. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది డి.హెచ్.ఎస్. అనే జారే స్క్రూ, ప్లేటు. తలలోనికి ఒక లావు స్క్రూ పోతుంది. దాని కాడ ప్లేటుకున్న గొట్టములో జారుతుంది. ప్లేటును తొడ ఎముక పక్కన బిగిస్తారు. రోగి నిలబడి బరువు మోపినప్పుడు స్క్రూ కొంచెము వెనక్కు జారి, విరిగిన ముక్కలు ఒకదానికొకటి నొక్కుకుంటాయి. నడకే అతుకుకు సాయము చేస్తుందన్నమాట. ఇది 1950ల నాటి ఆలోచన. ఇప్పటికీ నిలిచి ఉంది.

రెండవది పి.ఎఫ్.ఎన్. వంటి రాడ్డు. ఎముక మధ్యనున్న మూలుగ దారిలో రాడ్డును దింపి, దానిలోనుండి తలలోనికి స్క్రూ వేస్తారు. ఇటువంటి రాడ్లు 1980ల చివర, 1990లలో వాడుకలోనికి వచ్చాయి. ఆసియా ప్రజల ఎముక వంపునకు తగినట్లు చేసినవి కూడా ఉన్నాయి. పందిరి గుంజను పక్కనుండి బద్ద వేసి కట్టడము ఒక తీరు. బోలు వెదురు లోపలికి ఇనుప కడ్డీ దింపడము ఇంకొక తీరు. లోపలి కడ్డీ బరువు పడే గీతకు దగ్గరగా ఉంటుంది గనుక వంగకుండా ఎక్కువ ఓర్చుకుంటుంది.

రెండే ముక్కలై చక్కగా కుదిరే విరుపుకు రెండూ దాదాపు సమానముగా పనిచేస్తాయి. ప్లేటు ఖర్చు తక్కువ. బ్రిటన్ దేశపు వైద్య నియమములు ఇటువంటి విరుపులకు జారే స్క్రూనే ముందుగా వాడమంటాయి. కానీ ఎముక చాలా ముక్కలైతే, బయటి గోడ పగిలితే, విరుపు ఏటవాలుగా తలక్రిందులుగా ఉంటే, లేక ఇంకా కిందికి దిగితే, రాడ్డే తగినది. అక్కడ ఖర్చు తగ్గించుకోవాలని ప్లేటు కోసము పట్టుపట్టకూడదు. దాదాపు 11,000 మంది రోగుల పరిశోధనలను కలిపి 2022లో చేసిన సమీక్షలోనూ రెండు పద్ధతుల ఫలితము మొత్తము మీద దగ్గరగానే ఉంది. రాడ్డు వేసినవారిలో రాడ్డు దగ్గర ఎముక విరగడము కొంత ఎక్కువ, గాయమునకు చీము పట్టడము కొంత తక్కువ.

సామాను కంటే దానిని వేసే చేయి ముఖ్యమని చూపిన పరిశోధన ఒకటి 1995లో అమెరికాలో వచ్చింది. స్క్రూ కొన, తల మధ్యన, తల అంచుకు దగ్గరగా ఉందా లేదా అని ఎక్స్‌రేలలో కొలిచారు. ఆ కొలత 25 మిల్లీమీటర్లు లేక అంతకంటే తక్కువ ఉన్న 120 మందిలో ఒక్కరికి కూడా స్క్రూ ఎముకను కోసుకొని బయటికి రాలేదు. కొలత పెరిగినవారిలోనే అలా జరిగింది. కాబట్టి ఈ ఆపరేషన్లు తరచుగా చేసే అనుభవమున్న సర్జను, ఆపరేషను గదిలో మంచి ఎక్స్‌రే యంత్రము, ఈ రెండూ ఫారిన్ పేరు కంటే విలువైనవి.

ఖరీదైనదే మంచిదా?

తల్లి మీద ప్రేమతో, నలుగురిలో మాట పడకూడదని, కొందరు అన్నిటికంటే ఖరీదైనది వేయించాలనుకుంటారు. కయ్య తాకట్టు పెడతారు, గేదెలను అమ్ముతారు. ఇది ప్రేమే, కాదనము. కానీ కొత్తది, ఖరీదైనది ఎల్లప్పుడూ మేలైనది కాదు. డీప్యూ కంపెనీ ఏ.ఎస్.ఆర్. అనే తుంటి కీలును చాలా గొప్పదని అమ్మింది. అందులో లోహము లోహముతో రాసుకొని, ఆ పొడి శరీరములోనికి చేరి, అనేకులు బాధపడ్డారు. 2010లో కంపెనీ దానిని ప్రపంచమంతటా వెనక్కు తీసుకుంది. మన దేశములో కూడా వేలమందికి అది వేసి ఉన్నారు.

అందుచేత, ఎక్కువ కాలముగా వాడుకలో ఉండి ఫలితములు తెలిసిన సామానును అడగండి. దాని పెట్టె మీద పేరు, నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. వాటిని డిశ్చార్జి కాగితము మీద అంటించమని కోరి భద్రము చేయండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకములో మీకు ఏమి వర్తిస్తుందో, అప్పు కోసము వెళ్ళకముందే ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. మిగిలిన డబ్బు వాకరుకు, మందులకు, గుడ్లకు, పాలకు, వ్యాయామము నేర్పేవారికి ఖర్చు పెట్టండి. వాటివలన అవ్వ లేచి తిరుగుతుంది.

రోజులు గడపకండి

తుంటి విరిగిన వృద్ధులలో, ఆపరేషను జరిగినా, ఏడాదిలోపు నలుగురైదుగురిలో ఒకరు చనిపోతున్నట్లు అనేక దేశముల లెక్కలు చెబుతున్నాయి. పడకలోనే వదిలివేస్తే ఇంకా ఎక్కువమంది పోతారు. అందుకే 36 నుండి 48 గంటల లోపల ఆపరేషను జరగాలని వైద్యులు కోరుతారు. 17 దేశములలో, మన దేశములో కూడా, 2,970 మందిపై చేసిన పరిశోధన 2020లో వెలువడింది. విరుపు తెలిసిన సుమారు 6 గంటలలో ఆపరేషను అయినవారిని, సుమారు 24 గంటలకు అయినవారిని పోల్చారు. మరణములలో పెద్ద తేడా లేదు. కానీ త్వరగా చేయించుకున్నవారిలో మతి తప్పి మాట్లాడటము, మూత్రములో చీము తక్కువ. వారు ముందుగా లేచి నిలబడ్డారు. అక్కడ ఆలస్యమంటే ఒక్క రోజు. మన దగ్గర ఆలస్యమంటే వారము, పది రోజులు.

కువైట్‌లో ఉన్న కొడుకు రావాలని, హైదరాబాదు అల్లుడిని అడగాలని, ఖర్చు అన్నదమ్ములలో ఎవరి వంతు ఎంతో తేలాలని ఆగిపోతున్నాము. ఫోనులో మాట్లాడి ఆ రాత్రే తేల్చుకోండి. పడిన మనిషిని రుద్దవద్దు, కాలు లాగవద్దు, కూర్చోబెట్టి ఆటోలో కుక్కవద్దు. విరిగిన కాలికి దిండ్లు ఆనించి, మంచము మీదనో బల్ల మీదనో పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. వాడుతున్న మందులన్నీ, ముఖ్యముగా గుండెకు రక్తము పలచబరిచే మాత్రలు, సంచిలో వేసి వెంట పంపండి.

"ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా?" అని భయపడతారు. నడుముకు సూది వేసి కింది భాగమును మాత్రమే మొద్దుబార్చవచ్చు, పూర్తి మత్తు కూడా ఇవ్వవచ్చు. 1,600 మందిపై చేసి 2021లో వెలువరించిన పరిశోధనలో రెండింటి ఫలితము దాదాపు ఒక్కటే. రోగి స్థితిని బట్టి మత్తు డాక్టరుగారు నిర్ణయిస్తారు.

ప్రార్థన, ఆపరేషను

"ప్రార్థన చేసుకుంటాము, కోత వద్దు" అనే విశ్వాసులు మనలో ఉన్నారు. వారి విశ్వాసమును మేము తేలికగా చూడము. ప్రార్థన లేకుండా ఏ ఆపరేషను గదిలోనికీ వెళ్ళవద్దనే మేమూ చెబుతాము. కానీ పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడని మరువవద్దు. దారిలో గాయపడినవానిని చూసిన మంచి సమరయుడు అక్కడే గాయములు కట్టాడు, తన వాహనము మీద ఎక్కించాడు, సత్రములో తన డబ్బు చెల్లించాడు. 1840లో డే దొరగారు నెల్లూరుకు సువార్త తెచ్చారు. ఆ మిషనువారే తరువాతి తరములో ఇక్కడ స్త్రీలకు ఆసుపత్రి కట్టారు. 1900లో వేలూరులో ఐడా స్కడ్డర్ దొరసానిగారు ప్రారంభించిన వైద్యశాలకు ఈనాటికీ మన జిల్లానుండి రైలెక్కి వెళ్తున్నాము. మన సంఘములకు ప్రార్థనా వైద్యమూ చేయి చేయి పట్టుకొనే వచ్చాయి.

అలాగని అందరికీ ఆపరేషను తప్పదని మేము చెప్పడము లేదు. చాలా కాలముగా మంచము మీదనే ఉండి, చివరి దశలో ఉన్నవారికి డాక్టర్లే వద్దనవచ్చు. అప్పుడు నొప్పి తగ్గించి, శుభ్రముగా, గౌరవముగా చూసుకోవడమే వైద్యము. కానీ ఆ మాట డాక్టరు నోటనుండి రావాలి. "పెద్దప్రాణమే కదా" అన్న లెక్కతో, ఖర్చుకు వెనుదీసి మనము అనుకునే మాట కాకూడదు. తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞకు వయసు హద్దు లేదు. విధవరాలైన తల్లి తన పేర కయ్య లేనందున తన వైద్యమును గూర్చి నోరు విప్పలేకపోతే, ఆమె పక్షముగా మాట్లాడవలసినది సంఘమే.

ఆపరేషను తరువాత

బాల్ వేసినా, రాడ్డు వేసినా, సాధారణంగా మరుసటి రోజే కూర్చోబెట్టి, వాకరుతో నిలబెడతారు. "అయ్యో, పచ్చి గాయము, పడుకోనివ్వండి" అని కోడళ్ళు జాలిపడతారు. ఆ జాలి మేలు చేయదు. స్క్రూలు వేసిన కొందరికి మాత్రమే కొన్ని వారములు బరువు మోపవద్దంటారు. ఆ సంగతి డిశ్చార్జికి ముందే స్పష్టముగా అడిగి తెలుసుకోండి.

బాల్ వేసినవారు గొంతుకూర్చోకూడదు, బాసిపెట్టు వేయకూడదు, కాలి మీద కాలు వేయకూడదు, లోతైన కుర్చీలో కూరుకుపోకూడదు. కీలు జారే ప్రమాదముంటుంది. మధ్యన రంధ్రమున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొని దొడ్లో వేయండి. ఎత్తైన మంచము చూడండి. మన గుడులలో చాప మీద కూర్చోవడము, మోకాళ్ళూనడము అలవాటు. వారికి ముందు వరుసలో ఒక గట్టి కుర్చీ వేయండి. కూర్చొని చేసిన ప్రార్థనను దేవుడు తక్కువగా వినడు. రాలేనివారి ఇంటికి పాస్టరుగారు సంస్కారము తీసుకువెళ్ళాలి.

గుడ్లు, చేపలు, పప్పు, పాలు పెట్టండి. పథ్యమని చప్పిడి చారుతో సరిపెట్టవద్దు. ఒకసారి తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థము. రెండవ తుంటి కూడా విరగవచ్చు. కాల్షియం, డి విటమిన్, ఎముకలకు ఏడాదికి ఒకసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఇంజెక్షను సంగతి డాక్టరుగారిని అడగండి. 2007లో వెలువడిన పరిశోధనలో, తుంటి విరిగిన తరువాత ఆ ఇంజెక్షను తీసుకున్నవారిలో కొత్త విరుపులు నూటికి 35 వంతులు, మరణములు 28 వంతులు తగ్గాయి. ఇంట్లో దొడ్డి దారికి ఒక దీపము, గోడకు ఒక పట్టుకొమ్మ, జారని చెప్పులు, కళ్ళలో శుక్లములు ఉంటే ఆపరేషను. వీటికి అయ్యే ఖర్చు కొంచెమే.

కర్ర పట్టుకోవడము నామోషీ అని మన పెద్దలు వాకరును మూలన పెడతారు. వారికి యాకోబును గుర్తు చేయండి. పెనూయేలు దగ్గర తొడ గూడు వసలినప్పటినుండి ఆయన కుంటుతూ నడిచాడు. ముసలితనములో చేతికర్ర మీద ఆనుకొనే దేవునికి నమస్కరించాడు.

డాక్టరుగారిని అడగవలసినవి

ఈ ప్రశ్నలను కత్తిరించి మీ బైబిలులోనో, రేషను కార్డుతోనో ఉంచుకోండి.

1. విరిగింది మెడ దగ్గరా, మెడ కిందా? ముక్కలు జరిగాయా?

2. మీరు వేసేది ఏది? దానికంటే తక్కువ ఖర్చులోది ఈ విరుపుకు సరిపోదా? సరిపోకపోతే ఎందుకు?

3. బాల్ అయితే సిమెంటుతోనా, సిమెంటు లేకుండానా?

4. ఆపరేషను ఏ రోజు, ఏ గంటకు? ఆలస్యమైతే కారణమేమి?

5. ఎప్పుడు నిలబెడతారు? ఎంత బరువు మోపవచ్చు?

6. మళ్ళీ విరగకుండా ఎముకలకు ఏ మందు ఇస్తారు?

ఈ ప్రశ్నలు అడిగితే మంచి డాక్టరు కోపపడరు. ఓర్పుగా ఎక్స్‌రే పట్టుకొని చూపిస్తారు.

సంఘ పెద్దలకు, యౌవనస్థులకు ఒక మనవి. మీ గ్రామములో ఎవరైనా పెద్దవారు పడ్డారని తెలిసిన రాత్రే ఇద్దరు వెళ్ళండి. ఒకరు బండి చూడండి, ఒకరు రక్తమివ్వడానికి సిద్ధపడండి. స్త్రీల సమాజము ఒక వాకరును, ఒక కమోడు కుర్చీని కొని గుడిలో ఉంచితే ఒక ఇంటి అవసరము తీరిన తరువాత ఇంకొక ఇంటికి పనికివస్తాయి. అన్ని ప్రయత్నములు చేసినా మునుపటిలా నడవలేనివారు కొందరుంటారు. రెండు కాళ్ళు కుంటివైన మెఫీబోషెతుకు దావీదు రాజు బల్ల దగ్గర స్థలముండెను. మన ఇంటి అవ్వకు కూడా వసారా మూలన కాక, అందరితో కలిసి అన్నము తినే చోట స్థలముండాలి.

ప్రభువు మీ ఇళ్ళలోని పెద్దల అడుగులను స్థిరపరచును గాక.